తాడుకు తగిలిన బరువు

మా ఊరికి తాగునీళ్లూ సాగునీళ్లూ కొపెత్‌దాగ్ కొండ కింద తవ్విన సొరంగంలోంచి వస్తాయి. కారిజ్ అంటాం. దాన్ని నలభై ఏళ్లు తవ్వినవాడు మా తాత అన్నాసేయిత్. రోజూ తెల్లబట్టలు వేసుకుని దిగేవాడు. లోపలే పోతే శవానికి చుట్టే కఫన్ వెతుక్కునే పనుండదని నవ్వేవాడు. నిజంగా లోపలే పోయాడు. మట్టి కూలింది. "తవ్వితే పత్తికి నీళ్లు ఆగిపోతాయి, శవం కోసం తవ్వొద్దు" అన్నాడు అధికారి. తాత తెచ్చిన నీళ్లు తాగి పెరిగిన ఊరంతా తలూపింది. ఆ కోపం నాకు ఈ వయసులోనూ చల్లారలేదు.

తాత పోయిన మూడేళ్లకు నీటిధార సన్నబడింది. పూడిక తీయడానికి తమ్ముడు హోజా సిద్ధమయ్యాడు. ఎండ మాడ్చేస్తున్న మధ్యాహ్నం. సొరంగంలోకి దిగే బావి పైన, తాడు చుట్టే చక్రం దగ్గర నాన్న, నేను.

"భయమేస్తే ఇప్పుడే చెప్పరా, నేను దిగుతా," అన్నాను.

"నువ్వా? నీ నోటికే సొరంగం కూలుద్ది అక్కా!" అంటూ దిగాడు.

పదిహేను నిలువుల లోతు. పార చప్పుడు పైకి వినిపిస్తోంది. తడిమట్టి వాసన. కాసేపటికి చప్పుడు ఆగింది. బావిలోంచి చల్లటి గాలి... అందులో పాత చెమట వాసన.

తాడును కిందనుంచి రెండుసార్లు గుంజినట్టయింది. పైకి లాగమని గుర్తు. లాగాం. బరువు సగందాకా వచ్చాక కిందనుంచి హోజా గొంతు.

"అక్కా... ఎవర్ని లాగుతున్నారు? నేనింకా తాడు కట్టుకోలేదు."

చక్రం ఆగింది. తాడు బిగుసుకుని ఊగుతోంది.

"నాన్నా... వదిలేద్దాం..."

"కింద నీ తమ్ముడున్నాడే. వాడి నెత్తిన పడుద్ది." నాన్న చక్రాన్ని గట్టిగా పట్టుకున్నాడు. "ఈ బరువు నాకు తెలుసు. మీ తాతను ఇరవై ఏళ్లు లాగాను."

లాగాం. తెల్లటి టోపీ... భుజాలు... మొహం.

హోజా! కళ్లు మూసుకుని, నోటినిండా మట్టితో. ఊపిరి ఆడుతోంది.

అప్పుడే లోపల మట్టి కూలింది. ఆ వెనకే, బాగా లోతునుంచి...

"అక్కా... తాడు వెయ్యి."

నేను వెయ్యలేదు. నాన్న బండ దొర్లించి బావి మూసేశాడు.

మర్నాడే నీళ్లు నిండుగా వచ్చాయి. తమ్ముడు బతికాడు. పెళ్లి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు, గొడ్డులా కష్టపడి వాళ్లను సాకాడు.

నాన్న మాత్రం ప్రతి గురువారం వేడి రొట్టె పట్టుకుని కొండకు వెళ్లేవాడు. చచ్చినవాళ్లకు పెట్టే రొట్టె. తాతకనుకున్నాం. ఒకసారి నేనూ వెనకే వెళ్లాను. నాన్న రొట్టె తుంచి, బండ పక్క సందులోంచి ముక్కలు జారవిడిచి, వంగి గుసగుసగా అన్నాడు.

"హోజా... తిను నాయనా."

ఆ వేళ ఇంటి దగ్గర హోజా పైకప్పుకు మట్టి మెత్తుతున్నాడు. నేనే చూసి వచ్చాను.

బండ కింద, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో... ఎవరో నమలడం వినిపించింది.