గొడుగుల టవరు ఖాళీ అయిన సాయంత్రం

పొద్దుగూకాక గొడుగుల టవరు పక్కనుంచి ఎవరూ నడిచేవారు కాదు. ఎయిర్ బేస్‌కి కాపలా కాసేవాళ్ళు సైతం, భుజాన తుపాకీ పెట్టుకుని మరీ, రన్‌వే అంతా చుట్టి అవతలినుంచి వెళ్ళేవారట. లోపల ఎవరో గుడ్డ దులుపుతున్న చప్పుడు వస్తుందని... తాళం వేసిన తలుపు వెనకాల... ఫట్‌మని.

ఆ టవరుకి కిటికీలుండవు. పొగగొట్టంలా నిటారుగా ఉంటుంది. తడిసిన పారాచూట్‌లని కప్పీ తాడుతో పైకి లాగి, నిలువునా వేలాడదీసి ఆరబెట్టడానికి కట్టారు దాన్ని. పారాచూట్‌నే ఊళ్ళో గొడుగనేవారు. పైన, కప్పుకి కాస్త కింద, మనిషి నిలబడేందుకు ఒక చెక్క అటక. దానిమీదికి వెళ్ళాలన్నా, దిగాలన్నా నిచ్చెనొకటే దారి.

ఆ గుడ్డ దులిపేది మా పెద్దమ్మేనని ఊరంతా అనేది. మా ఇంట్లో మాత్రం ఎవరూ ఆ ఊసెత్తేవారు కాదు. ఇదంతా చాన్నాళ్ళకి మా అమ్మ చెబితే విన్నదే.

పెద్దమ్మ పని పారాచూట్‌లు మడతపెట్టడం. ఆ మడత సరిగ్గా కుదిరిందా, మనిషి దిగుతాడు. కుదరలేదా... పడతాడు. పెళ్ళి మాటెత్తితే, "ముందు ఈ పైలట్లందర్నీ క్షేమంగా నేలకి దించనీ అమ్మా, తర్వాత నీ అల్లుణ్ణి దించుకుందువుగాని" అని నవ్వేసేదట.

ఒక వానాకాలం స్టోర్సు గది కప్పు కారింది. పట్టించుకున్నవాడు లేడు. లోపలున్న పారాచూట్‌లు బూజుపట్టి పాడైపోయాయి. ఇవి పారేయాల్సిందేనని పెద్దమ్మ స్టోర్సు ఆఫీసరుతో చెప్పింది. ఆయన గొంతెత్తే మనిషి కాదు. "మెల్లగా అమ్మా, మెల్లగా... కాస్త ఆరబెట్టి మడతపెట్టెయ్" అన్నాడు. పెట్టనంది. ఇంకొకరిచేత పెట్టించాడు.

ఆ వారమే ఒక కుర్ర పైలట్ మంటలంటుకున్న విమానంలోంచి దూకాడు. గొడుగు విచ్చుకుంది — నడిమికి చిరిగిపోయింది.

విచారణలో ఆఫీసరు తప్పంతా మడతదన్నాడు. మడతపెట్టింది మా పెద్దమ్మేనన్నాడు. "ఆ మడత నాది కాదు. తప్పు గుడ్డది. అలాంటిదొకటి దాచి ఉంచాను, రేపు తెచ్చి మీ చేతిలోనే పెడతాను" అంది పెద్దమ్మ.

ఆ రేపు రాలేదు. సాయంత్రానికి ఆవిడ టవరులో, గచ్చుమీద పడి ఉంది.

తప్పు బయటపడి, తలెత్తుకోలేక దూకేసిందన్నారు. ఆ కుర్ర పైలట్‌ని పొట్టనపెట్టుకుందన్నారు. అమ్మమ్మ పాలకి వెళ్తే వీధిలో మొహాలు పక్కకి తిరిగేవి. ఆఫీసరుకి ప్రమోషనొచ్చి వేరే ఊరు వెళ్ళిపోయాడు.

పెద్దమ్మ తమ్ముడు, మా మామయ్య, అప్పటికి చిన్నవాడు. పెద్దయ్యాక అదే బేస్‌లో ఫైరింజన్ డ్రైవరుగా చేరాడు. ఇంకెక్కడా ఉద్యోగం దొరకలేదా అని అమ్మ పోట్లాడితే ఒకటే మాట — "అక్క అక్కడుందిగా."

ఉన్నట్టుండి బేస్ మూసేస్తున్నారన్నారు. మొదట ఎవరూ నమ్మలేదు. విమానం లేచినప్పుడల్లా గూట్లో గిన్నెలు గలగలమంటే తిట్టిపోసే అమ్మమ్మ, ఆ గలగల ఆగిపోయాక నిద్రపట్టక దొర్లేది. యూనిఫారాలు కుట్టే దర్జీలు మిషన్లు తలకెత్తుకుని పోయారు. గేటు ముందు టీకొట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆఖరి విమానం ఊరిమీద ఒక చుట్టు చుట్టి వెళ్ళిపోతే, అందరూ మేడలెక్కి చూశారు.

బేస్ అప్పగించే పని చూడ్డానికి పైనుంచి వచ్చిన పెద్దమనిషి ఎవరనుకున్నారు... ఆ స్టోర్సు ఆఫీసరే. జుట్టు నెరిసింది. గొంతు మాత్రం అదే గొంతు.

ఆఖరి రోజు సాయంత్రం మిగిలినవాళ్ళందర్నీ లారీలెక్కించి పంపేశాడు. ఫైరింజన్ దగ్గర మామయ్య ఒక్కడే ఉన్నాడు.

"నిచ్చెన తీసుకుని గొడుగుల టవరు దగ్గరికి రావయ్యా. రేపు కూల్చేవాళ్ళొస్తారు. పైన ఏమైనా ఉండిపోయిందేమో చూడాలి."

ఈ డ్రైవరు ఎవరి తమ్ముడో ఆయనకి తెలీదు. మామయ్యా చెప్పలేదు. తాళం తీశారు. లోపల చీకటి... పాత గుడ్డ వాసన. మామయ్య అటకకి నిచ్చెన వేశాడు.

"నేనెక్కుతాను సార్. అది నా పనేగా."

"వద్దొద్దు. నువ్వు కింద పట్టుకో."

టార్చి పట్టుకుని ఎక్కాడు. అటకమీద బూట్ల చప్పుడు. ఏదో మూల వెతికి గుడ్డ బయటికి లాగిన చప్పుడు. దాన్ని తగలబెట్టడానికేమో, అగ్గిపుల్ల గీసిన చప్పుడు... పుల్ల ఆరిపోయింది. ఇంకోటి గీశాడు. అదీ ఆరిపోయింది — ఎవరో దగ్గరగా వంగి ఊదినట్టు.

"ఎవరది?" అన్నాడు పైన.

టార్చి ఆరింది.

తర్వాత ఆ మెత్తని గొంతు, వణుకుతూ — "నేను తోయలేదు... ఒట్టు, నేను తోయలేదు. నిచ్చెనే తీశాను. పొద్దున్నదాకా పైనే ఉంటావనుకున్నాను... తాడు పట్టుకుని దిగుతావని నేనేమైనా కలగన్నానా..."

మామయ్య నిచ్చెన బిగించి పట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ ఊరు ఉమ్మేసింది అక్కమీద. కన్నతల్లి మొహం దాచుకుని బతికింది. ఒక్క లాగు లాగితే చాలు... నిచ్చెన పక్కకొచ్చేస్తుంది. బేస్‌లో ఒక్క పురుగు లేదు. లాగేవాడే.

చేతిమీద చెయ్యి పడింది. చల్లగా ఉంది. వేళ్ళ కొసలు గరుగ్గా ఉన్నాయి, రోజంతా గుడ్డ లాగి లాగి కాయలు కాచిన వేళ్ళు.

"నువ్వు తియ్యకురా." చెవి దగ్గరే, గుసగుసగా. "నీ చేతికి అంటకూడదు. బయటికి పో."

బయటికొచ్చాడు. వెనకాలే తలుపు మూసుకుంది.

మొదట ఫట్‌మని... గుడ్డ దులిపిన చప్పుడు. తర్వాత చెక్కమీద బరబరా ఈడ్చిన చప్పుడు. అరచేత్తో తట్టి సర్దుతున్న చప్పుడు. ఈడ్చడం... తట్టడం... ఇంట్లో అక్క దుప్పట్లు మడతపెట్టేటప్పుడు మామయ్య చిన్నప్పుడు విన్న చప్పుడే. మధ్యమధ్య ఆఫీసరు గొంతు —

"మెల్లగా... అమ్మా... మెల్లగా..."

మంటల్లోంచి మనుషుల్ని దించడం మామయ్య పని. ఎంత పగైనా, ఆ గొంతు విని నిలబడలేకపోయాడు. తలుపుకి భుజం వేసి మోదాడు. "అక్కా! చాలక్కా!" అని అరిచాడు. తలుపు కదల్లేదు. ఆ గొంతు ఆగిపోయాకే అది తనంతట తాను తెరుచుకుంది.

నిచ్చెన వేసినచోటే ఉంది. ఎక్కాడు. అటకమీద పొడుగ్గా, చక్కగా, అంచులు కలిపి, తాళ్ళు వరసగా చుట్టి — ఒక మడత. మనిషంత మడత.

ఒక అంచు పట్టుకుని లాగాడు. గుడ్డ తడిసిన కాగితంలా చేతిలోకి ఊడొచ్చింది. లోపల ఆఫీసరు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఊపిరి లేదు.

కబురందుకుని అధికారులొచ్చారు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఆగుతుంది, సరే. కానీ మోచెయ్యి కాస్త కదిపితే చిరిగిపోయే గుడ్డ అంత మనిషిని ఎలా పట్టి ఉంచిందో ఎవరూ చెప్పలేకపోయారు. ఒక పెద్ద అధికారి ఆ పీలిక వేళ్ళమధ్య నలిపి చూశాడు. పొడి రాలింది.

"మా అక్క తెచ్చి చూపిస్తానన్నది ఇదే సార్" అన్నాడు మామయ్య.

ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడట.

మామయ్య ఇంటికొచ్చేసరికి అమ్మమ్మ వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. మా అమ్మ పక్కనే ఉంది. జరిగింది జరిగినట్టు చెప్పాడు. అమ్మమ్మ ఏడవలేదు. కుళాయి కట్టేసింది.

"రేపు టవరు కూల్చేస్తారన్నావు కదరా... మరి మీ అక్క ఎక్కడుంటుంది?"

మామయ్య గుమ్మంవైపు తలతిప్పి చూశాడు.

"నాతోనే వచ్చిందమ్మా. బయట నిలబడింది. నువ్వు పిలిస్తేనే వస్తానంటోంది."

అమ్మ గోడకి కరుచుకుపోయింది. అమ్మమ్మ తడిచేతులు తుడుచుకుని, వెళ్ళి, గడియ తీసింది.