మిస్టర్ బార్లో గులాబీ కుండీ

మా తమ్ముడు డువార్తే ప్రేమలో పడింది నా కూతురి వల్ల. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఒక సోఫా కాలు విరగడం వల్ల.

ఆ శనివారం హాలోవెల్ రాంచ్ ఇంటికి వెళ్దామన్నది నేనే. మా ఊళ్ళో పుట్టినవాళ్ళెవరూ పనిగట్టుకుని, మ్యూజియంగా మార్చిన ఆ పాత ఇల్లు చూడరు. బడిలో ఉండగా ఒకసారి తీసుకెళ్తారు, అంతే. మూడేళ్ళ నా కూతురు బియాకి అక్కడి తోటలో నెమళ్ళను చూపిద్దామని నా ఆశ. బయలుదేరేముందు, నెమళ్ళు పిల్లల కళ్ళు పొడుస్తాయా అని ఫోనులో వెతికాను. వెతకకుండా ఉండాల్సింది. అందుకే డువార్తేని తోడు తెచ్చుకున్నాను.

నెమళ్ళు ఏమీ చెయ్యలేదు. చేసింది బియా. ముందుగదిలో కట్టిన ఎర్ర మఖమల్ తాడు కిందనుంచి దూరి పియానో కిందకు పాకింది.

"డువార్తే, దాన్ని పట్టుకో, అక్కడ తుప్పు మేకులుంటాయి," అన్నాను.

వాడు తాడు దూకబోయి, కాలు తట్టుకుని, వెళ్ళి సోఫాలో కూలబడ్డాడు. గుర్రపు వెంట్రుకలు కూరిన సోఫా. దాని మీద ఎవరైనా కూర్చుని వందేళ్ళయి ఉంటుంది. టప్‌మని ఒక కాలు విరిగింది.

గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. మెడ దాకా బొత్తాలు, వెనక దిండు కట్టిన పొడవాటి గౌను, టోపీ మీద ఒక బొమ్మ పిట్ట.

"మా ఇంట్లో అతిథులు కూర్చోమన్నాకే కూర్చుంటారండీ," అంది.

"కూర్చోలేదండీ, పడ్డాను."

"పడడానికైనా మా నాన్నగారి అనుమతి కావాలి. ఆయన గోధుమచేలకు వెళ్ళారు, సాయంత్రానికి వస్తారు."

డువార్తే కిటికీలోంచి చూశాడు. పార్కింగులో కార్లు తప్ప గోధుమలేమీ కనబడలేదు.

"అయితే ఆయన వచ్చేదాకా ఇక్కడే ఉండమంటారా?" అన్నాడు.

వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఆ చెవుల సంగతి నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. కిందటిసారి ఒకమ్మాయి కాదన్నప్పుడు వాడు మా ఇంటి సోఫా మీద పడుకుని, బియా తినే పాలూ అటుకులూ తింటూ, లేవనని మొండికేశాడు. మళ్ళీ అది చూసే ఓపిక నాకు లేదు.

ఆ ఇంటి గైడ్లకు ఒక నియమం ఉంది. తెల్లగేటు లోపల ఉన్నంతసేపూ వాళ్ళు పాతకాలం మనుషులే. ఫోనూ కారూ అన్న మాటే రాకూడదు. గేటు బయట ఆ అమ్మాయి పేరు కియోమీ, పళ్ళ డాక్టరు దగ్గర పని. లోపల మాత్రం ఆమె హాలోవెల్ గారి అమ్మాయి ఫ్లోరెన్స్.

గైడ్లకు పెద్ద మిసెస్ లిండ్‌క్విస్ట్. ఆవిడ విరిగిన సోఫానూ మా తమ్ముణ్ణీ మార్చి మార్చి చూసింది. తిడుతుందనుకున్నాను.

"కోటు ఏ సైజు అబ్బాయ్?" అంది. "మా మిస్టర్ బార్లో వేషం వేసే ఆయనకు మోకాలు పట్టేసింది."

ఆవిడ మాట పూర్తికాకముందే వీడు సరేనన్నాడు.

మిస్టర్ బార్లో కథ మా ఊళ్ళో అందరికీ తెలుసు. అతను ఫ్లోరెన్సును పెళ్ళాడతావా అని అడగడం, ఆమె వద్దనడం. వద్దన్న ప్రతిసారీ అతను ఒక గులాబీ మొక్క తెచ్చి ఆ తోటలో నాటడం. అలా తోటంతా నిండిపోయింది. ఇక నాటడానికి చోటు లేదని అతను కుండీ పట్టుకుని దిక్కులు చూస్తుంటే, అప్పుడు ఒప్పుకుందట మహాతల్లి.

ప్రతి శనివారం వరండాలో వద్దనే ఘట్టమే ఆడతారు. ఒప్పుకునే ఘట్టం ఏడాదికి ఒక్కసారే, మే నెలలో గులాబీల రోజున.

అలా మా తమ్ముడు గమ్‌తో మీసం అంటించుకుని ప్రతి శనివారం వెళ్ళి, కాదనిపించుకుని, చెవులు ఎర్రగా చేసుకుని వచ్చేవాడు. కియోమీ ప్రతివారం కొత్త కారణం కనిపెట్టేది.

"మిస్టర్ బార్లో, మీకంటే మీ గుర్రం మర్యాదగా నవ్వుతుంది."

"గుర్రాన్ని కూడా తెచ్చాను మిస్. ఇద్దరం కలిసే అడుగుతున్నాం."

"అయితే గుర్రం గురించి ఆలోచిస్తాను."

జనం పడీపడీ నవ్వేవారు. వీడు కుండీలోని గులాబీని తోటలో పాతి కన్నీళ్ళు తుడుచుకునేవాడు. ఆట అయ్యాక మళ్ళీ అదే మొక్కను పీకి కుండీలో పెట్టేవారు. ఆ మొక్క ఎలా బతికిందో దానికే తెలియాలి.

ఏప్రిల్ చివర్లో ఒక శనివారం వీడు ముఖం వేలాడేసుకుని మా ఇంటికొచ్చాడు. నేరుగా సోఫా ఎక్కాడు.

"నిజంగానే అడిగానక్కా. ఆట అయిపోయాక, తోటలో. సాయంత్రం టాకో బండి దగ్గరికి వస్తారా అని."

"ఏమంది?"

"పులుసులో మీసం ఊడిపడేవాడితో భోంచెయ్యను అంది."

నేను అటుకుల డబ్బా తీసి బీరువా మీద పెట్టేశాను.

తర్వాతి రెండు శనివారాలూ వాడు వేషం వేశాడు కానీ, ఆట అవగానే వెనక దారిన జారుకున్నాడు. గులాబీల రోజున అసలు వెళ్ళనేలేదు. వాడు రావడం లేదని చెబుదామని బియాను చంకనేసుకుని నేనే వెళ్ళాను. తోట నిండా జనం. గేటు లోపలే కియోమీ ఎదురొచ్చింది.

"మిస్టర్ బార్లో ఈరోజు గుర్రం ఎక్కలేదా అండీ?" అంది. పెదవులు నవ్వుతున్నాయి, కళ్ళు నవ్వడం లేదు.

"వాడిక రాడమ్మా. నువ్వు వద్దన్నావటగా."

కియోమీ నా మణికట్టు పట్టుకుని, మమ్మల్నిద్దర్నీ గేటు అవతలికి లాక్కుపోయింది. గేటు దాటగానే ఆమె గొంతు మారింది.

"నేనెక్కడ వద్దన్నాను అక్కా? ఫ్లోరెన్స్ అంది. లోపల బార్లో ఏమడిగినా వద్దనడమే కదా నా పని. బయటికొచ్చి మళ్ళీ అడుగుతాడని రెండు శనివారాలూ ఇల్లు మూసేశాక ఇక్కడే నిలబడ్డాను. దోమలు కుట్టాయి."

"మరి మీసం సంగతో?"

"అది నిజంగానే ఊడుతోంది. ఏం చెయ్యమంటారు?"

నేను ఫోను తీశాను. వాడు తను పనిచేసే టైర్ల షాపులో ఉన్నాడు.

"రానక్కా. ఈరోజు ఒప్పుకోవాలని కథలో ఉంది కాబట్టి ఒప్పుకుంటుంది. అది నాకెందుకు?"

"లోపలికి రావద్దులే. గేటు దాకా రా. రాకపోతే బియాను నీ షాపులో వదిలి వెళ్తాను, అక్కడ మేకులున్నా సరే."

నేనంత మాట అన్నానంటే విషయం పెద్దదని వాడికి అర్థమైంది.

షాపు బండిలో వచ్చాడు. గ్రీజు మరకల బట్టలు, మీసం లేదు. గేటు బయటే ఆగి చేతులు కట్టుకున్నాడు. వరండాలో మిసెస్ లిండ్‌క్విస్ట్ గడియారం చూసుకుంటోంది. కియోమీ మెట్ల పక్కనున్న గులాబీ కుండీని ఎత్తుకుని, గౌను ఈడ్చుకుంటూ, జనాన్ని తోసుకుంటూ వచ్చింది. వెనకే ఒక నెమలి. నెమలి వెనక జనం. కియోమీ గేటు దాటి ఆగింది.

"టాకోలు తిందామా?" అంది. "కియోమీగా అడుగుతున్నాను. నువ్వు డువార్తేగా చెప్పు."

వాడి చెవులు ఎర్రగా భగ్గుమన్నాయి. ఒప్పుకుంటాడనుకున్నాను. నా తమ్ముడి బుద్ధి నాకింకా పూర్తిగా తెలియలేదు.

"తల మీద పిట్ట ఉన్న అమ్మాయితో నేను భోంచెయ్యను," అన్నాడు.

కియోమీ ఒక్క క్షణం వాడి ముఖంలోకి చూసి, కుండీని వాడి చేతుల్లో పెట్టింది.

"సరే. కాదన్నావుగా, ఇది తీసుకెళ్ళి మీ ఇంట్లో నాటుకో. వచ్చేవారం ఇంకోటి తెచ్చి మళ్ళీ అడుగుతాను."

వాడు కుండీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాకున్నది షాపు పైన ఒక్క గది. కిటికీ గట్టు మీద ఒక్క కుండీయే పడుతుంది."

"అయితే?"

"అయితే ఇంకేముంది, చోటు అయిపోయింది. పద."

ఆమె టోపీ తీసి నా చేతిలో పెట్టి బండెక్కింది. గౌను లోపల పట్టక, వెనక దిండు తలుపు సందులోంచి కనబడుతూనే ఉంది.

"కిందటేడు ఈ ముక్క లేదే," అన్నాడు నా పక్కనున్న పెద్దాయన, చప్పట్లు కొడుతూ.

మిసెస్ లిండ్‌క్విస్ట్ రొప్పుతూ వచ్చింది. "అమ్మాయి పోతే పోయింది, ఆ కుండీ ఈ ఇంటిది," అని గొణిగి, నా వైపు తిరిగింది. నా చేతిలో టోపీ ఉంది. "గౌను ఏ సైజు?" అంది.

ఆ రోజు వరండాలో ఫ్లోరెన్స్ వేషంలో నేను ఒప్పుకున్నది మోకాలు పట్టేసిన ముసలాయనకు. బియా ఆట పొడుగునా నా గౌను పట్టుకునే ఉంది.

మర్నాడు వాడి గదికి వెళ్ళాను. కిటికీ గట్టు మీద కుండీ ఉంది. కింద నడిచేవాళ్ళ తలమీద పడుతుందేమోనని దాన్ని కమ్మీకి తాడుతో కట్టేశాను. వాడు చెప్పింది నిజమే, ఇంకో కుండీకి చోటు లేదు.