మూడో గదిలో జవాబు

“విహారం ఇంకెంత దూరమమ్మా?” అని పైడిరాజు అడిగితే, వాన హోరులో చిలకమ్మకు ఆహారం అని వినిపించింది. దారి చూపడానికి వచ్చిన ఆ కొండమనిషి, మూటలోంచి ఉడికిన చిలగడదుంపలు తీసి అతని చేతిలో పెట్టింది. బావమరిది అప్పలసూరి పగలబడి నవ్వి, బోధికొండ మీద శిథిలమైన బౌద్ధ విహారం సంగతి అడుగుతున్నాడని ఆమెకు విడమరచి చెప్పాడు.

దుంపను మాత్రం పైడిరాజు వదల్లేదు. యాభై దాటిన ఫోటో స్టూడియో యజమాని. మాటను విరవకపోతే ముద్ద మింగుడుపడని మనిషి. తూర్పు కనుమల్లో రెండు రోజులుగా తడుస్తూ కూడా ఊరుకోలేదు. జలగలకు పట్టుకోవడమే గాని అలగడం తెలియదన్నాడు. గాలికి డేరా కూలితే, డేరాకున్న ధీరత్వం ఇంతేనన్నాడు. కానీ చొక్కా లోపల ప్లాస్టిక్ సంచిలో చుట్టిన పాత కాగితం చేతికి తగిలినప్పుడల్లా ఆ నోరు మూతపడేది.

అది పటం. ఇరవై ఏడేళ్ల కిందట కాలేజీ క్యాంపులో, ఇలాంటి వానలోనే, మంగవేణి గీసింది. పెళ్లి చేసుకుంటావా అని అతనడిగితే, జవాబు విహారంలో దాచాను, వెతుక్కోమంది. ‘మూడో గది, వెనక గోడ, కింది గూడు’ అని పటం అడుగున రాసిచ్చింది. వెతికాడు. గబ్బిలాల రెట్ట తప్ప ఏమీ దొరకలేదు. కాదనడానికి మొహమాటపడి ఆడిన ఆట అనుకుని మూగబోయాడు. ఆర్నెల్లకు ఆమె తండ్రే సంబంధం తెచ్చాడు, పెళ్లయింది. తనను కోరి వచ్చిందా, తండ్రి మాటకు తలవంచి వచ్చిందా? కాపురమంతా ఆ మాట అడగడానికి భయపడ్డాడు. రెండేళ్ల కిందట ఆమె పోయింది. ఇక అడగడానికి ఈ కొండే మిగిలింది. అప్పలసూరికి మాత్రం, మీ అక్క వస్తువొకటి తేవాలని చెప్పి ఊరుకున్నాడు.

మధ్యాహ్నానికి విహారం చేరారు. నడుమ కూలిన స్తూపం, చుట్టూ కొండను తొలిచిన పన్నెండు గదులు. ఆ వెనకే వాగు ఎర్రగా పొంగుతోంది. నీళ్లు గట్టు దాటేలోగా బయటపడాలని చిలకమ్మ హెచ్చరించింది.

పైడిరాజు కొత్త పెళ్లికొడుకులా కుడికాలు పెట్టి, కుడివైపు నుంచే లెక్కపెట్టుకుంటూ మూడో గదిలో దూరాడు. గునపంతో గూడంతా గుల్ల చేశాడు. మళ్లీ మట్టే. మోకాళ్ల మీద కూలబడ్డాడు.

చిలకమ్మ గుమ్మంలో నిలబడి వింతగా చూసింది. “ఇటు మొదలెట్టారేటి బాబూ? ఇక్కడ నడుమనున్న సామిని కుడిచేతి పక్కనుంచుకుని తిరగాల. మొదటి గది అదీ, ఎడమేపు.”

మంగవేణి తులసికోట చుట్టూ అయినా తప్పు దిక్కున తిరిగే మనిషి కాదు. పైడిరాజు ఒక్క ఉదుటున లేచాడు.

అప్పటికే వాగు గట్టు తెంచుకుని ముంగిట్లోకి దూకింది. మోకాటి లోతు నీళ్లలో పడుతూ లేస్తూ అవతలి మూడో గదికి చేరాడు. గూటికి అడ్డంగా బిగించిన రాతిపలక గునపానికి కదిలింది. వెనక ఒక గాజు సీసా. మూత చుట్టూ కొవ్వొత్తి మైనం. నడుము దాకా వచ్చిన నీళ్లు కాళ్లను లాగేస్తుంటే సీసాను నెత్తిన పెట్టుకున్నాడు. అప్పలసూరి పైనుంచి మోకు విసిరాడు. అతనూ చిలకమ్మా కలిసి లాగితే, పైడిరాజు సీసాను చొక్కాలో దోపుకుని, మోచేతులు చెక్కుకుపోతూ పాత మెట్ల మీదికి ఎగబాకాడు.

రాతిచూరు కింద సీసా తెరిచారు. కాగితం పసుపెక్కింది గాని సిరా చెదరలేదు.

‘వానలో ఇంతదూరం వెతుక్కుంటూ వచ్చిన మనిషిని ఎలా కాదంటాను? మా నాన్నను అడగండి. మీరు జంకితే నేనే అడుగుతాను.’

అప్పలసూరి కళ్లు తుడుచుకున్నాడు. “అడిగింది బావా. నాన్నతో పోరి, మూడ్రోజులు అన్నం మానేసి, ఆయన్ని మీ ఇంటికి పంపింది. నీకు తెలుసనే అనుకున్నాం.”

“మరి నాతో ఒక్కసారైనా అనలేదేంరా?”

“చదివీ జంకావని అనుకునుంటాది.”

ఏం జరిగిందని చిలకమ్మ అడిగింది. పైడిరాజు ఈసారి ఏ మాటనూ విరవలేదు. తాను కుడి నుంచి లెక్కపెట్టిన సంగతీ, ఆమె ఎడమ నుంచి లెక్కపెట్టిన సంగతీ, ఇన్నేళ్లూ తానేమనుకున్నాడో, ఆమె ఏమనుకుందో, అంతా వరసగా చెప్పాడు.

“పోన్లే బాబూ, ఇప్పటికైనా తెలిసింది కదా.”

పైడిరాజు కింద నీళ్లలో మునిగిపోతున్న గదుల కేసి చూశాడు.

“తెలిసింది. తెలిసిందని తనకు చెప్పాలి.”