పెళ్ళిరాయి మీద శాండ్‌విచ్

"లేవండి! ముందు అక్కడి నుంచి లేవండి!"

ఫెలిక్స్ పీత శాండ్‌విచ్ కొరకబోయి ఆగాడు. పాడుబడిన మఠం గోడల మధ్య నుంచి ఒక అమ్మాయి రబ్బరు బూట్లతో టపటపా వస్తోంది. మెడలో గైడు కార్డు, ముక్కు మీద కోపం.

"కూర్చోవద్దని బోర్డేమీ లేదుగా?"

"మీ అమ్మమ్మ నెత్తి మీద కూర్చోవద్దని మీ ఇంట్లో బోర్డు పెట్టారా? అది పెళ్ళిరాయి. పెళ్ళయి చర్చి బయటికి రాగానే, ఊళ్ళో అందరికన్నా పెద్ద జాలర్లిద్దరు చెరో చెయ్యి పట్టుకుని పెళ్ళికూతుర్ని దీని మీదుగా దూకిస్తారు. తడబడకుండా దూకితే కాపురం చల్లగా ఉంటుంది."

"తడబడితే?"

"ఇంతవరకూ ఎవరూ తడబడలేదు. దాని మీద ఎవరూ పీత ముక్కలు రాల్చలేదు మరి!"

ఫెలిక్స్ గబుక్కున లేచి, చేతిరుమాలుతో రాయిని శుభ్రంగా తుడిచి, "తప్పయింది, పెద్దమ్మా" అని దానికే వంగి దండం పెట్టాడు. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోవాలని చూసింది గానీ వల్లకాలేదు. పేరు విన్నీ అని చెప్పింది.

అతను దక్షిణాన దూరంగా ఉన్న కెంట్ నుంచి వచ్చాడు. తీరం పొడుగునా ఉన్న పాత కోటలవీ మఠాలవీ ఒక పుస్తకం కోసం బొమ్మలు గీస్తున్నాడు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు మాత్రమే దారి తేలే ఈ దీవిలో ఒక్కరోజు ఉందామనుకున్నాడు. వారం దాటినా కదల్లేదు. మఠం తోరణం గీయడం, చెరపడం, మళ్ళీ గీయడం.

"ఆ తోరణం ఎనిమిది వందల ఏళ్ళుగా అలాగే ఉంది. మీ బొమ్మే రోజుకోలా మారుతోంది" అంది విన్నీ టీ ఫ్లాస్కు అందిస్తూ.

"వెలుతురు సరిగ్గా లేదండీ."

"మా ఊళ్ళో వెలుతురు ఎప్పుడు సరిగ్గా ఏడ్చింది?"

చివరికి పుస్తకం వాళ్ళు ఫోన్ చేసి, రేపు బయల్దేరాల్సిందే అన్నారు. ఆ సాయంత్రం దీవి చివర ఉన్న కోట దగ్గర ఇద్దర్నీ వాన పట్టేసింది. పైకప్పు మిగిలింది ఒక్క మూలే. అక్కడ భుజం భుజం తగిలేలా నిలబడ్డారు. ఆమె జడ చివర నుంచి నీళ్ళు అతని చేతి మీద పడుతున్నాయి. అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"విన్నీ..."

"ఊఁ?"

"నేను... అదే... ఈ గోడ పదమూడో శతాబ్దందేనా?"

"కాదు. అడగాలనుకున్నది ఇదేనా?"

"...ఇదే."

కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. ఆమె టోపీ కళ్ళ దాకా లాక్కుని వానలోనే వెళ్ళిపోయింది. తెల్లారేసరికి ఎలాగైనా చెప్పేయాలని ఫెలిక్స్ ఒట్టు పెట్టుకున్నాడు.

తెల్లారింది. సైకిలు మఠం గోడకి ఆనించి లోపలికి తొంగిచూసిన అతని కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. విన్నీ పొడుగాటి తెల్లగౌనులో ఉంది. ఒక చెయ్యి ఆమె తాత నెడ్ పట్టుకున్నాడు, ఇంకో చెయ్యి ముసలి విల్ఫ్. ఊళ్ళో వాళ్ళకన్నా పెద్ద జాలర్లు లేరు. "ఒకటీ, రెండూ..." అన్నారు. విన్నీ పెళ్ళిరాయి మీద నుంచి ఎగిరి దూకింది. ముసలాళ్ళిద్దరూ చప్పట్లు కొట్టారు.

పెళ్ళయిపోయింది! నిన్న వానలో తను గోడ వయసు అడుగుతూ కూర్చున్నాడు!

ఫెలిక్స్ ఎవరికీ చెప్పకుండా సైకిలెక్కాడు. పోటు వేళల బోర్డు పక్కనే ఉన్నా చూడలేదు. సగం దారిలో నీళ్ళు పెడళ్ళని తాకాయి. ఇంకో మార్గం లేక, చిక్కుకుపోయిన వాళ్ళ కోసం స్తంభాల మీద కట్టిన చెక్కగదిలోకి సైకిలుతో సహా ఎక్కాడు. మొన్ననే ఇందులో కూర్చున్న టూరిస్టుల్ని చూసి విరగబడి నవ్వాడు. ఇప్పుడు కన్నీళ్ళు తుడుచుకున్నాడు.

కాసేపటికి మోటారు పడవ చప్పుడైంది. చుక్కాని దగ్గర నెడ్, పక్కన విల్ఫ్, ముందు విన్నీ. తెల్లగౌను అలాగే ఉంది.

"చెప్పకుండా వెళ్ళిపోతారా?" అరిచింది.

"పెళ్ళికి పిలవని వాళ్ళకి చెప్పేదేముంది? నీ పెళ్ళికొడుకు ఏడీ?"

"ఎవరి పెళ్ళికొడుకు?"

"నేను చూశాను విన్నీ. నువ్వు రాయి దూకావు."

విల్ఫ్ పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు.

"రేపు మా చెల్లెలు మరియన్ పెళ్ళి!" అంది విన్నీ. "అది అవతలి ఒడ్డున ఉంది. వీళ్ళిద్దరూ ఒకర్ని దూకించి చాలా ఏళ్ళయింది, అలవాటు తప్పిందని నన్ను పట్టుకుని ప్రాక్టీసు చేశారు. ఇది దాని గౌనే. ఇటు చూడు!"

గౌను అంచు పైకెత్తింది. కింద బురద కొట్టుకుపోయిన రబ్బరు బూట్లు.

"గోడలో ఒక్కో రాయీ వదలకుండా గీస్తావే, నా బూట్లు కనపడలేదా? పెళ్ళికూతురు వీటితో దూకుతుందా?"

"నీ మొహం తప్ప ఇంకేమీ చూడలేదు" అన్నాడు ఫెలిక్స్. అనుకోకుండా నిజం బయటికొచ్చేసింది. ఇక ఆపలేదు. "తోరణం మొదటి రోజే అయిపోయింది విన్నీ. మిగతాదంతా నీకోసమే చెరిపాను. నువ్వంటే నాకు చాలా ఇష్టం."

"ఆ మాట నిన్న వానలో చెప్పుంటే, ఈ పడవకి డీజిల్ మిగిలేది" అంది విన్నీ. కళ్ళల్లో నీళ్ళు, పెదాల మీద నవ్వు. "నాకూ ఇష్టమే. లేకపోతే రోజూ ఫ్లాస్కు మోసుకొస్తానా? దిగు ముందు."

అతను నిచ్చెన దిగబోయి జారాడు. ఆమె చెయ్యి పట్టుకుని పడవలోకి లాక్కుంది. మళ్ళీ వదల్లేదు.

నెడ్ పడవ తిప్పుతూ గొంతు సవరించుకున్నాడు.

"చూడబ్బాయ్, ప్రాక్టీసులో మా పిల్ల ఎక్కడా తడబడలేదు. నువ్వు నిచ్చెన మీదే తడబడ్డావు. పోనీలే, దూకాల్సింది నువ్వు కాదుగా."

"తాతా!"

"నువ్వుండవే. ఒక్క మాట చెప్తా, తర్వాత మీ ఇష్టం. మా ఇద్దరి మోకాళ్ళూ ఇంకో ఏడాదికి మించి పనిచెయ్యవు. ఈలోగా తేల్చుకోండి."