ముగింపు మాస్టారు

ఆ ఇంట్లో ఆ ఉదయం కూడా అన్ని ఉదయాల్లాగే హడావుడిగా మొదలైంది. ఏడున్నరకల్లా రక్తపరీక్షల ల్యాబులో ఉండాల్సిన ఇల్లాలు ఒక చేత్తో టీ వడగడుతూ, రెండో చేత్తో తన ఐడీ కార్డు వెతుక్కుంటోంది. ఇంటాయన కిటికీ పక్కన కూర్చుని, నిన్న షాపు నుంచి మోసుకొచ్చిన ఎవరిదో ప్రాజెక్టు రిపోర్టులో పేజీ నంబర్లు సరిచూసుకుంటున్నాడు. కూతురు మాత్రం బ్యాగు భుజానికి తగిలించుకుని, చెప్పులు వేసుకోకుండా గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"ఏమ్మా, క్లాసుకు టైమవ్వలేదూ?" అన్నాడు ఆయన తలెత్తకుండా.

"ఇవాళ నువ్వు కాలేజీ లోపలికి రావాలి నాన్నా. మా సోషియాలజీ మేడం రమ్మన్నారు."

"ఏం, ఫస్టొచ్చావా?"

"నా వ్యాసం కాపీ అంటున్నారు. సున్నా వేస్తారట. ఆ పేపరు పోతే ఏడాది వెనకబడిపోతాను."

టీ వడగడుతున్న చెయ్యి ఆగింది. ఆయన రిపోర్టు పక్కన పెట్టి, ఈసారి కూతురి ముఖంలోకి చూశాడు. నాలుగు రోజులుగా పిల్ల ఉలుకూ పలుకూ లేకుండా తిరుగుతోందని ఇల్లాలు చెబుతూనే ఉంది. ఆయనే చెవిన వేసుకోలేదు.

"కాపీ ఏంటి? నువ్వు చేత్తో రాసిచ్చావు, నేను టైపు చేశాను. నా ముందు అనమను ఆ మాట!"

"చివరి పేరా ఎవరు రాశారు నాన్నా?"

"నేనే!" అన్నాడు ఆయన, కాస్త గర్వంగానే.

ఆ గర్వం సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. కాలేజీ గేటుకు ఎదురుగా ఆయనకో చిన్న షాపుంది. టైపింగ్, ప్రింటింగ్, బైండింగ్. అసైన్‌మెంట్లు రాసుకొచ్చే పిల్లల్లో సగం మంది మొదలు బాగానే పెడతారు, మధ్యలో కాస్త లాక్కొస్తారు, చివరికొచ్చేసరికి చేతులెత్తేస్తారు. రేపే సబ్మిట్ చేయాలి, మీరే ఏదో ఒకటి పెట్టేయండి మాస్టారూ అని కాళ్ళావేళ్ళా పడతారు. అలా జాలిపడి మొదట్లో ఎప్పుడో ఒక పేరా తయారుచేశాడు. "కావున, పై విషయములన్నింటినీ కూలంకషంగా పరిశీలించిన మీదట, నేటి సమాజంలో ఫలానా వాటి పాత్ర ఎంతైనా కీలకమైనదని ఘంటాపథంగా చెప్పవచ్చును" అని మొదలై ఎనిమిది వరుసలు సాగుతుందది. ఫలానా దగ్గర అడవులో, బ్యాంకులో, ఏది కావాలంటే అది. దానికి పైసా తీసుకోడు. ఇరవై రెండేళ్ళుగా పిల్లలు ఆయన్ని ముగింపు మాస్టారనే పిలుస్తున్నారు, ఆయనా మురిసిపోతూ పలుకుతున్నాడు.

"మేడం పన్నెండు వ్యాసాలు బల్ల మీద పరిచారు నాన్నా. పోస్టాఫీసుల మీద రాసినామెదీ, నీటి కాలుష్యం మీద రాసినబ్బాయిదీ, నాదీ, అందరిదీ ఒకటే చివరి పేరా. ఒక్క మాట తేడా."

"నీటి కాలుష్యం పాత్ర ఎంతైనా కీలకమైనదని పెట్టానా?"

"పెట్టావు."

వేరే రోజైతే ముగ్గురూ పడీపడీ నవ్వేవాళ్ళు. ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు చూడు, ఏ వ్యాసానికైనా ఒక మొదలు, ఒక చివర ఉండాలి. నీదాంట్లో చివర లేదు. ప్రశ్నార్థకం పెట్టి వదిలేశావు. మర్చిపోయావేమో, మార్కులు పోతాయేమో అని నేను పెట్టాను. కన్నతండ్రిగా ఆ మాత్రం చేయకూడదా?"

"మర్చిపోలేదు. కావాలనే వదిలేశాను. చదివితే నీకు తెలిసేది."

"చదవకుండానే టైపు చేశానా?"

"అయితే చెప్పు. నేను దేని గురించి రాశాను?"

ఇల్లాలు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"కుటుంబం గురించి."

"ఏ కుటుంబం?"

"ఏదో... ఒక మామూలు కుటుంబం. నిర్ణయాలు ఎలా తీసుకుంటారు అని."

పిల్ల కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "నాకు టైపింగ్ రాకనా నాన్నా నీకిచ్చింది? నువ్వు చదువుతావని ఇచ్చాను. చదివి కోప్పడతావేమో అని రెండు రోజులు ఎదురుచూశాను. నువ్వు బైండింగ్ వేసి, బంగారు అక్షరాలు కూడా కొట్టించి చేతిలో పెట్టావు. ఒక్క మాటన్నా అనలేదు. అదే నీ జవాబనుకుని, మనసు విరిగి, తెరిచి కూడా చూడకుండా ఇచ్చేశాను. నేను అడగాలనుకున్నది—"

"సరే, కావున ఇప్పుడు చేయాల్సిందేంటంటే," అని అందుకున్నాడు ఆయన, "నేను మేడంతో మాట్లాడతాను, ఆ పేరా తీసేస్తాం, కొత్త ప్రింటు ఇస్తాం. అయిపోయింది. దీనికి ఏడుపెందుకు?"

"దాన్ని మాట పూర్తి చెయ్యనివ్వండి," అంది ఇల్లాలు.

"టైమవుతోంది కదా, అందరికీ."

పిల్ల చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఇల్లాలు భర్త వైపు చూసి, ఏదో అనబోయి, టీ గ్లాసు ఆయన ముందు పెట్టి తనూ బయల్దేరింది.

షాపు తెరిచాక ఆయనకు పని మీద చెయ్యి సాగలేదు. టైపు చేసేవాడు చదువుతూ కూర్చుంటే పని నడవదు. కళ్ళు అక్షరాలు చూస్తాయి, వేళ్ళు కొడతాయి, మధ్యలో బుర్రకు పని లేదు. ఆ విద్య రావడానికే ఆయనకు రెండేళ్ళు పట్టింది. పిల్లల చేతిరాత కాగితాలు నెల రోజుల దాకా పారేయకపోవడం ఆయన పద్ధతి. బల్ల కింది అట్టపెట్టె లాగి, అడుగు నుంచి కూతురి కాగితాలు తీశాడు. స్టూలు మీద కూర్చుని, చేతులు కీబోర్డుకు దూరంగా పెట్టుకుని, మామూలు మనిషిలా చదవడం మొదలుపెట్టాడు.

పాఠ్యపుస్తకం భాషలోనే రాసింది పిల్ల. "పరిశీలనకు తీసుకున్న కుటుంబంలో యజమాని చిరువ్యాపారి. భార్య వైద్య పరీక్షల కేంద్రంలో సహాయకురాలు. వారికి ఒక కుమార్తె." ఇంతవరకూ చదివి ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"మూడేళ్ళ క్రితం భార్యను పనిచేసే చోటివారు ఏడాది శిక్షణకు వేరే నగరానికి పంపుతామన్నారు. పూర్తయితే ఆమె టెక్నీషియన్ అవుతుంది. దీనిపై ఒక ఆదివారం కుటుంబం సమావేశమైంది. యజమాని తల్లి మాట్లాడింది. యజమాని అన్న మాట్లాడాడు. యజమాని అందరికన్నా ఎక్కువసేపు మాట్లాడాడు. భార్య మూడుసార్లు నోరు తెరిచింది. మూడుసార్లూ 'నేననేదేంటంటే' దగ్గరే ఆగిపోయింది. 'కావున వద్దనే అనుకుందాం' అని యజమాని ముగించాడు. ఈ కుటుంబంలో యజమాని కావున అన్న తర్వాత ఎవరూ మాట్లాడరు."

ఆ ఆదివారం ఆయనకు బాగానే గుర్తుంది. తానెంత చక్కగా మాట్లాడాడో గుర్తుంది. పిల్ల పరీక్షలు, అమ్మ మోకాళ్ళు, ఇంటి పని, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఏకరువు పెట్టాడు. భార్య ఎక్కడ కూర్చుందో మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు.

కాగితం చివర రెండే వాక్యాలున్నాయి. "ఆ రోజు భార్య ఏమి చెప్పబోయిందో ఇప్పటివరకు ఎవరూ అడగలేదు. ఈ వ్యాసం రాస్తున్న కుమార్తె కూడా అడగలేదు, ఎందుకు?"

దీని కిందే తాను "నేటి సమాజంలో కుటుంబం పాత్ర ఎంతైనా కీలకమైనదని ఘంటాపథంగా" కొట్టి పెట్టాడు. ఆయనకు ముందు ఒళ్ళంతా సిగ్గేసింది, తర్వాత ఏడుపొచ్చింది. ప్రింటు కోసం వచ్చిన పిల్లలిద్దరు గుమ్మంలోనే ఆగి, మాస్టారికి కంట్లో నలకపడిందనుకుని మంచినీళ్ళిచ్చారు. ఆయన తాగి, షాపు సగం షట్టరు దించి, కాగితాలు పట్టుకుని రోడ్డు దాటాడు.

సోషియాలజీ మేడం గదిలో కుర్చీ చూపించినా ఆయన కూర్చోలేదు.

"తప్పు మా అమ్మాయిది కాదండీ. ఇదిగో తను రాసింది. ఆ పేరా నాది. ఆ పన్నెండూ నావే."

ఆవిడ కాగితాలు చివరిదాకా చదివింది. చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఆ ఎనిమిది వరుసలూ నేను తొమ్మిదేళ్ళుగా దిద్దుతున్నానండీ. నాకు నోటికొచ్చు. రాసినాయన్ని ఇవాళ చూశాను."

"పిల్లలు అడిగితే కాదనలేకపోయానండీ."

"వాళ్ళు ఆలోచించాల్సిన చోటే మీరు వాళ్ళ చేతిలోంచి కలం లాక్కున్నారు. వ్యాసమంతా ఆ చివరికి చేరడానికే కదా రాసేది? మిగతా పదకొండు మందినీ వాళ్ళ ముగింపులు వాళ్ళనే రాసుకు రమ్మన్నాను. మీ అమ్మాయికీ అంతే. ఎల్లుండి దాకా టైమిస్తాను. సున్నా వేయను."

ఆయన దండం పెట్టి వెళ్ళబోయి ఆగాడు. "ఒక్క మాటండీ. తను అలా ప్రశ్న దగ్గర ఆపేయడం తప్పా?"

"జవాబు దొరకని ప్రశ్నైతే తప్పు కాదు. కానీ జవాబు తెలిసిన మనిషి రోజూ ఎదురుగా తిరుగుతుంటే, అడగకుండా రాయడం సగం పనే. అడిగి, విన్నది విన్నట్టు రాయమనండి. మార్కులు దానికే వేస్తాను."

కారిడార్లో కూతురు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆయన కాగితాలు పిల్ల చేతిలో పెట్టాడు.

"చదివాను."

"ఎంతవరకు?"

"మొత్తం. రెండుసార్లు. బాగా రాశావమ్మా. నన్ను మాత్రం కాస్త ఎక్కువే ఉతికావు."

పిల్లకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "కోపం వచ్చిందా?"

"రావాల్సింది. సిగ్గొచ్చి దానికి దారివ్వలేదు. పిల్ల తన తండ్రితో మాట్లాడడానికి అసైన్‌మెంటు రాయాల్సొచ్చిందంటే..." ఆ వాక్యం ఎలా ముగించాలో ఆయనకు తెలియలేదు. పిల్ల ఆయన చెయ్యి పట్టుకుంది.

సాయంత్రం ఇల్లాలు ఇంటికొచ్చేసరికి తండ్రీకూతుళ్ళిద్దరూ భోజనాల బల్ల దగ్గర బుద్ధిమంతుల్లా కూర్చుని ఉన్నారు. టీవీ నోరు మూసి ఉంది. ఆమెకు అనుమానం వచ్చింది.

"ఏమైంది? మేడం ఏమన్నారు?"

"సున్నా వేయరట. ముందు నువ్వు కూర్చో," అన్నాడు ఆయన. "ఒకటడగాలి. ట్రైనింగు గురించి మాట్లాడిన ఆ ఆదివారం, నువ్వేదో చెప్పబోయావు. ఏంటది?"

ఆమె బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "మూడేళ్ళ నాటి మాట. ఇప్పుడెందుకు?"

"చెప్పమ్మా," అంది కూతురు.

ఆమె బ్యాగు మీద రెండు చేతులూ ఆనించుకుంది. "వెళ్ళననే చెప్పబోయాను."

"చూశావా! నేనూ అదే—" అనబోయి ఆయన నాలిక కరుచుకున్నాడు. ఎవరూ ఏమీ అనకపోవడం చూసి, ఆమే మళ్ళీ మాట్లాడింది.

"అప్పుడు దానికి పదో తరగతి. అప్పట్లో మనతోనే ఉన్న అత్తయ్య మంచం మీదున్నారు. నాకూ భయమే. వద్దనే అనుకున్నాను. కానీ ఆ మాట నేను చెప్పుకుందామనుకున్నానండీ. నేను చెప్పుంటే, వెళ్ళగలిగి కూడా ఇంటికోసం ఆగినదాన్నయ్యేదాన్ని. మీరు చెప్పేశారు. మొగుడు వెళ్ళనివ్వనిదాన్నయ్యాను. ల్యాబులో అందరూ అయ్యో పాపం అన్నారు. ఆ జాలి నాకు మూడేళ్ళుగా గుచ్చుకుంటూనే ఉంది."

కూతురు రాసుకోవడానికి తెచ్చుకున్న పెన్ను పక్కన పెట్టి తల్లి భుజం మీద తల ఆనించింది. ఆయన, తాను వద్దన్నందుకే భార్య బాధపడి ఉంటుందని పొద్దుట్నుంచీ అనుకుంటున్నాడు. ఆమె దగ్గర్నుంచి తాను తీసేసుకున్నది శిక్షణ కాదనీ, ఒక్క మాట అనీ ఇప్పుడు తెలిసింది.

"తప్పయిపోయింది," అన్నాడు ఆయన. "నువ్వు మాట్లాడకపోతే ఒప్పుకున్నావనుకున్నాను."

"మీరనుకోవడం అయ్యేసరికి నాకు టైమెక్కడ మిగిలింది?" అంది ఆమె, కళ్ళు తుడుచుకుని నవ్వుతూ. తర్వాత నవ్వు ఆపి, బ్యాగులోంచి మడతపెట్టిన ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "మళ్ళీ అడుగుతున్నారు. ఈసారి పది నెలలట. ఇది నా బ్యాగులోకొచ్చి పన్నెండు రోజులైంది."

ఆయనకు ఒక్కసారిగా వంద మాటలు గొంతులోకొచ్చాయి. పది నెలలు, వంట, షాపు, పిల్ల చదువు, ఒంటరిగా ఎలా ఉంటావు, అసలిప్పుడీ వయసులో. అలవాటు కొద్దీ అవన్నీ వరుసలో కూడా నిలబడ్డాయి. ఆయన ఒక్కొక్కదాన్నే మింగాడు. కుర్చీ ఆమెకు దగ్గరగా జరుపుకున్నాడు.

"నువ్వేమనుకుంటున్నావు?" అని అడిగాడు.

పెళ్ళైన ఇరవై మూడేళ్ళలో ఆ ప్రశ్న ఆమెకు అదే మొదటిసారి. ఆమె పైట చెంగుతో కళ్ళొత్తుకుంది, ఆయన ముఖంలోకి చూసింది, ఆయన ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడని నమ్మకం కుదిరాక మొదలుపెట్టింది. ఆ సాయంత్రం ఆమె చాలాసేపు మాట్లాడింది.