లోపలి బోర్డు

చనిపోయినవాళ్ళ టోకెన్లు అడిగి తెచ్చుకోవడమంటే మాటలు కాదు. పెయింటర్ కూతురు చెప్పులరిగేలా తిరిగి, నలభై గడపలు తొక్కి, నలభై ఇత్తడి బిళ్ళలు సంపాదించింది. "పాత సామాన్లవాడికి పోటీ వచ్చావే" అని అన్నయ్య ఎగతాళి చేసినా పట్టించుకోలేదు. వ్యాన్ల ఫ్యాక్టరీ మూతపడి పదిహేనేళ్ళు. అందులో చెమటోడ్చినవాళ్ళని ఊరు మరిచిపోకూడదని, కార్మికుల రాకపోకలు చూసే టైమ్ ఆఫీసుని ఆమె జ్ఞాపకాల గదిగా మారుస్తోంది. రేపే ప్రారంభం. రిబ్బన్ కత్తిరించాల్సింది నాన్న. ఫ్యాక్టరీలో వ్యాన్లకి రంగులేసిన పెయింట్ షాపువాళ్ళలో మిగిలిన ఒకే ఒక్క ప్రాణం ఆయనది. నలభై ఒకటో బిళ్ళ ఆయనే ఇచ్చాడు.

గోడకి రెండు బోర్డులు. పనిలోకి వెళ్ళేవాడు తన బిళ్ళని 'లోపల' బోర్డుకి తగిలించాలి, ఇంటికెళ్ళేటప్పుడు 'బయట' బోర్డుకి మార్చాలి. కిటికీ వెలుతురు పడుతోంది కదా అని ఆమె అన్నీ 'లోపల' బోర్డుకే తగిలించేసింది.

పొద్దువాలుతుంటే టైమ్‌కీపర్ బాబాయ్ చేతికర్రతో వచ్చాడు. బోర్డు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అందర్నీ లోపలికి పంపేశావేంటమ్మా?" గొంతు తగ్గించి అడిగాడు.

"చూడ్డానికి బాగుంటుందని, బాబాయ్. మార్చెయ్యనా?"

"మనిషి బయటికి రాకుండా బిళ్ళ మార్చకూడదు. నేనొక్కసారి మార్చాను. లోపలెవరూ లేరనుకుని ఓవెన్ వెలిగించారు."

ఆ ఓవెన్ ఆమెకి తెలుసు. షెడ్డు చివర, రంగు ఆరబెట్టడానికి వ్యాను మొత్తం పట్టే ఇనుప గది. ఆ ఘోరం జరిగాక పెయింటర్లు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. తలుపు మూసుకుంటే లోపలున్నవాడు మూడుసార్లు తట్టాలి. నాన్నకి ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. ఏ తలుపు ముందు నిలబడినా ఉంగరంతో మూడుసార్లు కొడతాడు.

అప్పుడే వాసన వచ్చింది. పచ్చి రంగు వాసన. ఖాళీ షెడ్డులో ఎక్కడో రేకు మీద సుత్తి దెబ్బ... ఇంకొకటి... ఆ తర్వాత లెక్కలేనన్ని.

ఫోన్ మోగింది. అమ్మ.

"మీ నాన్న పని బట్టలేసుకుని వెళ్ళి అరగంటయిందే. ఎక్కడికంటే డ్యూటీకి అన్నారు. నీ దగ్గరికి వచ్చారా?"

ఆమె చప్పున 'లోపల' బోర్డు వైపు తిరిగింది. నాన్న బిళ్ళ పట్టుకుంది. వేడిగా ఉంది.

"వద్దమ్మా!" బాబాయ్ చేతికర్ర అడ్డం పెట్టాడు. "ముందు మనిషిని రానీ..."

ఆమె వినలేదు. బిళ్ళ తీసి 'బయట' బోర్డుకి తగిలించింది.

సుత్తులు ఆగిపోయాయి.

షెడ్డు చివర ఇనుప తలుపు... దభీమని మూసుకుంది.

పరిగెత్తింది. దుమ్ములో ఒక్క అడుగుజాడ లేదు. ఓవెన్ గడియ తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. గ్యాస్ పైపులు ఎప్పుడో కోసి అమ్మేశారు. తలుపు మీద చెయ్యి పెట్టింది... చురుక్కుమంది.

మళ్ళీ అమ్మ ఫోన్.

"కంగారు పడకే, వచ్చేశారు. గుమ్మం ముందే ఉన్నారు, కిటికీలోంచి కనిపిస్తున్నారు."

పోయిన ప్రాణం లేచొచ్చింది ఆమెకి. ఓవెన్ తలుపు వైపు వీపు తిప్పి అక్కడే కూలబడింది.

"ఏంటో, ఎప్పుడూ లేనిది... తలుపు తట్టకుండా ఊరికే నిలబడ్డారు. ఉండు, గడియ తీస్తున్నా..."

ఆమె వీపు వెనక, ఇనుప తలుపుకి అవతల, ఉంగరం తగిలిన చప్పుడు.

టక్... టక్... టక్.