జైలు బ్రోచ్

"సరిగ్గా నాలుగింటికి టోపీల షాపు అద్దం పగలాలి. నీ కాంటాక్ట్ ఎర్ర టోపీ పెట్టుకొస్తుంది. కోడ్: 'వాన వచ్చేలా ఉంది.' జవాబు: 'గొడుగు మరిచిపోయాను.' రాయి తనే ఇస్తుంది. అది గురి తప్పితే సుత్తి ఉంది, కోటు చేతి మడతలో దాచుకో. అర్థమైందా, పిల్లా?" అంది ఉద్యమం నడిపే మిస్ గార్త్.

హెస్టర్ తలూపింది. ఆడవాళ్లకు ఓటు కావాలనే జెండాలు కుట్టే మనిషి ఆమె. ఇంతవరకూ ఇంట్లో గ్లాసు కూడా పగలగొట్టలేదు. జైల్లో నిరాహార దీక్ష చేస్తే ముక్కులో గొట్టం దూర్చి తిండి పోస్తారని విన్నప్పటి నుంచి ముద్ద దిగడం లేదు.

లండన్ రీజెంట్ స్ట్రీట్‌లో, ఆ షాపు ముందు ఎర్ర టోపీ కనబడింది. మిసెస్ లాసెల్స్! ఉద్యమంలో అందరూ తిరిగి చూసే అందగత్తె. గుండెల మీద జైలుకెళ్లొచ్చిన వాళ్లకిచ్చే వెండి బ్రోచ్.

"వాన వచ్చేలా ఉందండీ."

"గొడుగు మరిచిపోయాను. ఇదిగో, రాయి."

పిడికిలంత నున్నటి రాయి. హెస్టర్ తిప్పి చూసింది.

"కాగితం చుట్టలేదేంటండీ? దారమేదీ?"

"దారమా? దేనికే?"

రాయికి కాగితం చుట్టి, దారంతో మణికట్టుకు కట్టుకుంటారు. అద్దం పగలాలి గానీ లోపల ఎవరి తలా పగలకూడదు. జైలుకెళ్లొచ్చిన మనిషికి ఇది తెలియదా?

అద్దం వెనకాల మంత్రిగారి చిన్నకూతురు కొత్త టోపీ పెట్టి చూసుకుంటోంది. వీధికి అవతల ఒక ఫొటోగ్రాఫర్ కెమెరా అటే గురిపెట్టి సిద్ధంగా ఉన్నాడు. ఆ పసిదాని రక్తం రేపు పేపర్లో పడితే ఇక ఓటు మాట ఎత్తేదెవరు?

"నేను వెయ్యనండీ."

"పిరికిదానా! ఇటివ్వు."

గడియారం నాలుగు కొట్టడం మొదలైంది. లాసెల్స్ రాయి లాక్కుని చెయ్యెత్తింది. హెస్టర్ చుట్టూ చూసింది. పక్కనే ఖాళీ పోలీసు బండి. మడతలోంచి సుత్తి లాగి, కళ్లు మూసుకుని దాని కిటికీ మీద కొట్టింది.

భళ్లుమంది. లాసెల్స్ ఉలిక్కిపడింది. ఈలలు వేస్తూ పోలీసులు ఇటు తిరిగేసరికి లాసెల్స్ చెయ్యి ఎత్తే ఉంది, చేతిలో రాయి.

"వదులు! నన్ను పంపింది ఆడవాళ్లకు ఓటు వద్దనే లార్డ్ పెన్‌హాలో, తెలుసా!"

"ఓటు కోసం అద్దం పగలగొట్టిందని ఆయన చెల్లెల్నే నిన్న బండెక్కించామమ్మా. మీరూ పదండి," అన్నాడు పోలీసు.

ఇద్దర్నీ ఎక్కించుకుని బండి కదిలింది. గొట్టం తలుచుకుంటే హెస్టర్‌కు పళ్లు టకటకలాడుతున్నాయి. ఎదురుగా లాసెల్స్ వెక్కివెక్కి ఏడుస్తోంది.

"ఊరుకోండి," అంది హెస్టర్. "ఆ బ్రోచ్ ఇప్పటికి నిజంగా మీదైంది."